ఎడిటర్ గారికి: క్రిప్టో వాలెట్ పక్కవాళ్ళ చేత చేయించుకోవద్దని కాస్త గట్టిగా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. మీ పేపరు పాతపట్నం మీదుగా పొద్దున్నే మా ఊరొచ్చేస్తుంది, మా నాన్నగారి కాలం నుంచీ మా ఇంట్లో అదే పేపరు. ఈమధ్య బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో కాయిన్ల రేటు పెరిగితే ఒక వార్త, పడితే ఒక వార్త వేస్తున్నారు, వెయ్యండి, వద్దనట్లేదు, కానీ కొన్నోళ్ళు ఆ కాయిన్లు ఎక్కడ దాచుకోవాలి, ఎలా దాచుకోవాలి, ఎవరి చేతికి ఏది ఇవ్వకూడదు అన్నది మాత్రం నేను మీ పేపర్లో ఇంతవరకు చూళ్ళేదండి. నాకు తెలిసినోళ్ళలో డబ్బు పోయినోళ్ళకి రేటు పడి పోలేదు, దాచుకోవడం తెలీక పోయింది, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, కత్తిరించాలంటే కత్తిరించండి గానీ వాలెట్‌కి తాళంచెవి లాంటి 12 మాటల సంగతి మాత్రం వదలకండి.

మా ఊళ్ళ పరిస్థితి మీకు తెలిసిందే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, ఇళ్ళల్లో మాట మాత్రం తెలుగే ఉండిపోయింది. పిల్లలు బళ్ళో ఒడియా చదువుతారు, పెద్దోళ్ళు తెలుగు పేపరు చదువుతారు, ఫోన్లో యాపు అంతా ఇంగ్లీషు. సైబర్ మోసాల మీద పోలీసోళ్ళు పెట్టే బోర్డులు ఒడియాలో ఉంటాయి, బ్యాంకు మెసేజ్ ఇంగ్లీషులోనో హిందీలోనో వస్తుంది, ఇంట్లో అమ్మకీ నాన్నకీ రెండూ అర్థం కావు. కాశీనగర్, గుణుపురం, రాయగడ, అటు బరంపురం, తెలుగోళ్ళ ఇళ్ళల్లో చాలాచోట్ల ఇంతే. బరంపురం వైపోళ్ళు సూరత్ వెళ్తారు, మా వైపోళ్ళు హైదరాబాదు, చెన్నై, గల్ఫ్ వెళ్తారు, అక్కడ రూములో పక్కోడు చెప్తే యూఎస్‌డీటీ, అంటే డాలరు విలువతో నడిచే క్రిప్టో కాయిన్, కొంటారు, సెలవుకి ఊరొచ్చినప్పుడు ఆ కాయిన్లు చూసుకోడానికీ పంపుకోడానికీ వాడే యాపు, అదే వాలెట్, పెట్టించుకోవాలని మొబైల్ షాపుకెళ్తారు. సిమ్ము, ఆధార్ లింకు, గ్యాస్ బుకింగు, ఫోన్‌పే అన్నీ అక్కడే చేయించుకున్నాం కదా, ఇదీ అలాంటిదే అనుకుంటారు. ఇది అలాంటిది కానే కాదండి.

ఆ షాపులో ఏం జరుగుతుందో చెప్తాను. కుర్రాడు ఫోను తీసుకుని యాపు ఎక్కిస్తాడు, కొత్త వాలెట్ అని నొక్కుతాడు, స్క్రీన్ మీద వరసగా 12 ఇంగ్లీషు మాటలొస్తాయి, కొన్నిట్లో 24 వస్తాయి. వాటిని సీడ్ ఫ్రేజ్ అంటారు, కొన్ని యాపుల్లో రికవరీ ఫ్రేజ్ అని ఉంటుంది. ఆ కుర్రాడు వాటిని షాపు ఫోన్‌తో ఫొటో తీస్తాడు, లేకపోతే షాపు నోట్‌బుక్‌లో రాసి, అన్నా నీ దగ్గరుంటే ఎక్కడో పారేసుకుంటావు, నా దగ్గరుంచుతాలే, అవసరమైతే వచ్చి అడుగు అంటాడు. మంచి మనసుతోనే అంటాడేమో కూడా. పిన్ను పెట్టించి ఫోను చేతిలో పెడతాడు, వంద రెండొందలు తీసుకుంటాడు. ఇంటికొచ్చిన మనిషి పిన్ను నాకొక్కడికే తెలుసు కదా అని నిశ్చింతగా ఉంటాడు. ఆ పిన్ను ఆ ఒక్క ఫోన్లో ఆ ఒక్క యాపుకి మాత్రమేనండి. ఆ 12 మాటలు వరస తప్పకుండా ఎవరి దగ్గరున్నాయో వాళ్ళు ప్రపంచంలో ఏ మూల నుంచైనా వాళ్ళ సొంత ఫోన్లో మీ వాలెట్ తెరిచేసుకోవచ్చు, మీ పిన్ను అక్కర్లేదు, ఓటీపీ రాదు, మీ ఫోనుకి ఏ మెసేజూ రాదు. చెక్కుబుక్కు మొత్తం సంతకాలు పెట్టేసి షాపులో వదిలేసి వచ్చినట్టే, పైగా ఈ చెక్కుని ఆపించడానికి బ్యాంకు కూడా లేదు.

మా వీధిలో ఒకాయనకి ఇదే జరిగింది. గల్ఫ్‌లో వెల్డింగ్ పని, కూతురి పెళ్ళికని కొంత యూఎస్‌డీటీలో దాచుకున్నాడు. ఓ రోజు చూస్తే వాలెట్లో సున్నా. షాపోడే తీశాడో, షాపు ఫోను ఇంకెవరైనా చూశారో, ఆ ఫోను రిపేరుకని ఎక్కడికైనా వెళ్ళిందో, ఈరోజుకీ తేలలేదు. విచిత్రం ఏంటంటే డబ్బు ఎప్పుడెళ్ళిందో, ఏ వాలెట్ అడ్రస్‌కి, అంటే ఖాతా నంబరు లాంటిదానికి, వెళ్ళిందో నెట్‌లో ఎవరైనా చూడొచ్చు, అన్నీ కనపడతాయి, ఆ అడ్రస్ ఏ మనిషిదో మాత్రం కనపడదు. షాపోణ్ణి దొంగ అనలేరు, కాదనీ అనలేరు. రెండిళ్ళ మధ్య ఇప్పుడు మాటల్లేవు. ఆ ఫొటో తీయకుండా ఉంటే ఇద్దరికీ ఈ బాధ ఉండేది కాదు కదా. అందుకే షాపులు నడుపుకునే తమ్ముళ్ళకి కూడా ఇదే చెప్తున్నాను, ఎవరైనా వాలెట్ పెట్టమని వస్తే ఎలా చెయ్యాలో నోటితో చెప్పండి, ఆ మాటలొచ్చే ముందు ఫోను వాళ్ళ చేతికిచ్చేసి అటు తిరగండి, రాసుకోవడం వాళ్ళనే ఇంటికెళ్ళి చేసుకోమనండి. రేపు పోతే మొదట అడిగేది మిమ్మల్నే.

ఒకటి ముందే చెప్పేస్తాను, క్రిప్టో కొనమని నేను ఎవరికీ చెప్పట్లేదు. మన దేశంలో అది చెల్లుబాటయ్యే కరెన్సీ కాదు. రిజర్వ్ బ్యాంకు 2018 ఏప్రిల్ 6న బ్యాంకుల్ని దీనికి దూరంగా ఉండమంది, ఆ సర్క్యులర్‌ని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేసింది, 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను వేశారు. అంటే కొనడం నేరం కాదు, పోతే మాత్రం మన బాధ మనదే. బ్యాంకు మునిగితే 5 లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది, దీనికి అలాంటిదేం లేదు. వద్దన్నా కొన్నోళ్ళు కొన్నారు, ఉన్నది ఎలా కాపాడుకోవాలన్నదే నా గోల.

అసలు వాలెట్ అంటే ఏంటో చాలామందికి తప్పుగా తెలుసు. కాయిన్ ఫోన్లో ఉండదు. ఎవరి అడ్రస్‌లో ఎంతుందో రాసిన లెక్క ప్రపంచమంతా వేల కంప్యూటర్లలో ఒకేలా ఉంటుంది, దాన్నే బ్లాక్‌చెయిన్ అంటారు, మన దగ్గరుండేది ఆ లెక్కని మార్చమని ఆర్డరు వెయ్యగల తాళంచెవి మాత్రమే, దాన్ని ప్రైవేట్ కీ అంటారు. 12 మాటలంటే ఆ తాళంచెవే, మనిషి రాసుకోడానికి వీలుగా మాటల్లోకి మార్చారు. 2013లో పెట్టిన పద్ధతి ఇది, 2048 మాటల లిస్టు ఒకటుంది, అందులోంచే ఈ 12 వస్తాయి, ఊహించి పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. ఇందులో మంచి సంగతి కూడా ఉంది, ఫోను నదిలో పడిపోయినా, యాపు చేసిన కంపెనీ మూతపడిపోయినా, ఆ మాటలుంటే ఇంకో ఫోన్లో ఇదే పద్ధతి వాడే ఇంకో యాపులో మీ డబ్బు మీకొచ్చేస్తుంది. మాటలు పోతే మటుకు ఏ కస్టమర్ కేరూ ఇప్పించలేదు.

మరి ఇంత తలనొప్పి ఎందుకు, కాయిన్లు కొని అమ్మే కంపెనీ, అదే ఎక్స్ఛేంజ్, దాని యాపులోనే ఉంచేస్తే పోలా అంటారు. ఎక్స్ఛేంజ్‌లో ఉన్నంతకాలం తాళంచెవి వాళ్ళది, మనకి కనపడేది వాళ్ళ పుస్తకంలో మన పేరు మీద రాసిన అంకె. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసింది, ప్రపంచంలో పెద్ద ఎక్స్ఛేంజ్‌లలో అదొకటి. 2024 జులై 18న మన దేశంలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ వాలెట్ హ్యాకయ్యింది, దాదాపు 2000 కోట్ల రూపాయల విలువైన కాయిన్లు పోయాయి, అందులో ఉన్నోళ్ళు తమ కాయిన్లు బయటికి తీసుకోడానికి ఏడాదికి పైగా ఆగాల్సొచ్చింది. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే ఎక్స్ఛేంజ్ నుంచి సుమారు 150 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ అనే కాయిన్లు పోయాయి, అది ఉత్తర కొరియా హ్యాకర్ల పని అని అమెరికా ఎఫ్‌బీఐ చెప్పింది. ఇవి విన్నాక కుర్రోళ్ళు సొంత వాలెట్ వైపు రావడం న్యాయమే, నేను కూడా ఎక్కువకాలం దాచుకునేది సొంత వాలెట్లోనే ఉండాలంటాను. కాకపోతే పది రోజుల్లో అమ్మేసే కొద్ది మొత్తానికి ఇంత అవసరం లేదు, తెలీకుండా సొంత వాలెట్ పెట్టుకుని మాటలు పారేసుకోవడం కన్నా నల్లడబ్బు లావాదేవీల మీద కన్నేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్ఐయూలో రిజిస్టరైన ఎక్స్ఛేంజ్‌లో ఉంచుకోవడమే నయం. 2023 మార్చి నుంచి ఈ కంపెనీలన్నీ మనీ లాండరింగ్ చట్టం కిందికొచ్చాయి, రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకునే దిగాలి.

ఇక పెట్టుకోవడం. యాపుని వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో వచ్చిన ఏపీకే ఫైలుతో, అంటే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాపు ఎక్కించే ఫైలుతో, ఎక్కించొద్దు, ఎవరు పంపినా సరే, బావమరిది పంపినా సరే. ప్లేస్టోర్‌లో పేరు కొట్టి వెతికినా దొంగ యాపులు అదే బొమ్మతో అదే పేరుతో దొర్లుతుంటాయి, అందుకని ముందు ఆ వాలెట్ కంపెనీ అసలు వెబ్‌సైట్‌కి వెళ్ళి అక్కడున్న లింకు మీద నుంచే స్టోర్‌కి వెళ్ళడం మంచిది. గూగుల్‌లో వెతికితే పైన యాడ్ అని వచ్చేది నొక్కొద్దు. మెటామాస్క్, ట్రస్ట్ వాలెట్, బిట్‌కాయిన్‌కి మాత్రమే అయితే బ్లూవాలెట్, ఎలక్ట్రమ్ ఇలాంటివి చాలామంది వాడుతున్నారు, ఏది మంచిదని నేను తీర్పు చెప్పను. ఇంట్లో ఒక్కరే కూర్చుని చెయ్యండి, వీడియో కాల్‌లో ఎవరూ ఉండకూడదు, ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ షేరింగ్ యాపు ఫోన్లో ఉంటే ముందు తీసేయండి.

మాటలొచ్చాక కాగితం మీద పెన్నుతో రాసుకోవాలి, స్క్రీన్‌షాట్ వద్దు, ఫొటో వద్దు, వాట్సాప్‌లో మనకి మనమే పంపుకోవడం వద్దు, నోట్స్ యాపు వద్దు, జీమెయిల్ డ్రాఫ్టు వద్దు. ఫొటో తీసి వెంటనే డిలీట్ చేశాను కదా అంటారు, ఈలోపే అది గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కిపోయి ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ అనే సైబర్ భద్రతా కంపెనీ వాళ్ళు స్పార్క్‌క్యాట్ అనే వైరస్ సంగతి బయటపెట్టారు, గ్యాలరీలో ఉన్న ఫొటోల్లోని అక్షరాలు చదివి ఈ 12 మాటలున్న ఫొటో ఏదో వెతికి పట్టుకుని పంపించేస్తుంది, ప్లేస్టోర్‌లోనూ యాపిల్ స్టోర్‌లోనూ ఉన్న యాపుల్లోనే అది దొరికింది. ఫొటో తీస్తే ఏమవుతుందని అడిగే పిల్లలకి ఈ ఒక్కటి చెప్పండి చాలు.

మా వైపు ఇంకో చిక్కుందండి, కొంతమంది ఆ మాటల్ని తెలుగు అక్షరాల్లోనో ఒడియా అక్షరాల్లోనో రాసుకుంటున్నారు. ఆ లిస్టులు ఇంగ్లీషు, జపనీస్, స్పానిష్ ఇలా కొన్ని భాషల్లోనే ఉన్నాయి, తెలుగు, ఒడియా, హిందీ లేవు, కాబట్టి మనకొచ్చేది ఇంగ్లీషే. తెలుగులో రైట్ అని రాసుకుంటే రేపు అది కుడి వైపు అనే రైటా, రాయడం అనే రైటా తెలీదు, రెండూ ఆ లిస్టులో ఉన్నాయి. పీస్ కూడా అంతే, శాంతి, ముక్క రెండూ ఉన్నాయి. అందుకని స్పెల్లింగ్ చూసి ఒక్కో అక్షరం విడివిడిగా ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాసుకోవాలి, పక్కన 1 నుంచి 12 దాకా నంబర్లు వెయ్యాలి, వరస మారితే వాలెట్ తెరుచుకోదు. ఇంగ్లీషు రాని పెద్దోళ్ళయితే స్క్రీన్ మీద ఉన్నది ఉన్నట్టు బొమ్మ గీసినట్టు దించుకోవాలి, ఇంట్లో చదువుకున్న కొడుకో కూతురో సరి చూడొచ్చు, బయటోళ్ళు మాత్రం కాదు.

రాసిన కాగితం ఎక్కడ పెట్టాలన్నది కూడా చిన్న సంగతేం కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, గజపతి జిల్లాలో కొండలు విరిగిపడ్డాయి, ఎంతమంది బీరువాల్లో పట్టాలు, సర్టిఫికెట్లు తడిసి ముద్దయిపోయాయో మేం చూశాం. వంశధార, మహేంద్రతనయ పొంగే ఊళ్ళల్లో ఒక్క కాగితాన్ని నమ్ముకోడానికి లేదు. రెండు కాగితాలు రాయండి, రెండిటినీ నీళ్ళు దిగని కవర్లో పెట్టి వేర్వేరు ఇళ్ళల్లో ఉంచండి, ఒకటి ఈ ఊళ్ళో, ఇంకోటి ఎత్తు మీదున్న ఊళ్ళో మీకు పూర్తి నమ్మకమున్న చోట. తడవకూడదని లామినేషన్‌కి ఇస్తారు కొందరు, జిరాక్స్ షాపోడి చేతిలో పెట్టినట్టే అది, ఆ పని అస్సలొద్దు, జిరాక్స్ కూడా వద్దు. పెద్ద మొత్తం ఉన్నోళ్ళు స్టీలు రేకు మీద అక్షరాలు కొట్టుకోవచ్చు, హార్డ్‌వేర్ షాపుల్లో అక్షరాల పంచ్ సెట్టు దొరుకుతుంది, గిన్నెల మీద పేర్లు కొట్టేవాళ్ళకి ఇవ్వకుండా మన చేత్తో మనమే కొట్టుకోవాలి. ఆ లిస్టులో ఏ రెండు మాటలకీ మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండవు, అందుకని మాటకి నాలుగు అక్షరాలు కొడితే సరిపోతుంది. ఆరు మాటలు అన్నకి ఆరు మాటలు తమ్ముడికి అని పంచేవాళ్ళున్నారు, తెలివైన పనిలా ఉంటుంది గానీ ఒక ముక్క పోతే మొత్తం పోయినట్టే, పైగా సగం తెలిసినోడికి మిగతా సగం పట్టుకోవడం బాగా తేలికవుతుంది.

చాలామంది చెయ్యని పని ఒకటుంది, నాకు తెలిసి అన్నిటికన్నా ముఖ్యం ఇదే. డబ్బు వెయ్యకముందే, లేదా ఓ వంద రూపాయల విలువ వేసి, యాపుని ఫోన్లోంచి పూర్తిగా తీసేసి, మళ్ళీ ఎక్కించి, కాగితం చూసి ఆ 12 మాటలు కొట్టి, అదే అడ్రస్ వస్తుందో లేదో చూసుకోవాలి. వచ్చిందంటే మీరు రాసుకున్నది సరైందని తెలుస్తుంది. రాలేదంటే ఇప్పుడే తెలిసింది కాబట్టి నష్టం లేదు, కొత్తది పెట్టుకోవచ్చు. మూడేళ్ళ తర్వాత ఫోను పగిలిన రోజున ఒక అక్షరం తప్పుందని తెలిస్తే మాత్రం చెయ్యగలిగింది దాదాపు ఏం లేదు.

పంపించేటప్పుడు అడ్రస్ చేత్తో కొట్టొద్దు, కాపీ పేస్ట్ చేసినా సరే మళ్ళీ చూడాలి, ఎందుకంటే కాపీ చేసిన అడ్రస్‌ని పేస్ట్ చేసేలోపు మార్చేసే వైరస్‌లున్నాయి. ముందు నాలుగు వెనక నాలుగు అక్షరాలు చూసి వదిలేస్తే కుదరదు, మనం మామూలుగా పంపే అడ్రస్‌లాంటిదే మొదలూ చివరా కలిసేలా తయారుచేసి, దాన్నుంచి మనకి సున్నా విలువతో ఏదో పంపిస్తారు, అది మన హిస్టరీలో కూర్చుంటుంది, రేపు మనం హిస్టరీలోంచి కాపీ చేస్తే డబ్బు దొంగకి పోతుంది. నడుమ అక్షరాలు కూడా చూడాలి, పాత హిస్టరీలోంచి కాపీ చెయ్యడమే మానెయ్యాలి. ముందు చిన్న మొత్తం పంపి అది చేరాకే మిగతాది, ఫీజు రెండుసార్లు పడుతుంది, పడనివ్వండి. యూఎస్‌డీటీ అయితే ట్రాన్, ఇథీరియం లాంటి వేర్వేరు నెట్‌వర్క్‌ల మీద, అంటే వేర్వేరు బ్లాక్‌చెయిన్ల మీద నడుస్తుంది, అందుకని నెట్‌వర్క్ ఏదో అటోడినీ ఇటోడినీ అడిగి ఖాయం చేసుకోవాలి, ట్రాన్ అడ్రస్‌లు ఇంగ్లీషు టీ అక్షరంతో మొదలవుతాయి, ఇథీరియంవి సున్నా ఎక్స్‌తో మొదలవుతాయి, కానీ బీఎన్‌బీ చెయిన్‌వీ పాలిగాన్‌వీ కూడా అదే సున్నా ఎక్స్, అక్కడే పొరపాటు జరుగుతుంది. సొంత వాలెట్లోకి తప్పు నెట్‌వర్క్‌లో వచ్చినా తాళంచెవి మనదే కాబట్టి చాలాసార్లు తీసుకోవచ్చు, ఎక్స్ఛేంజ్ అడ్రస్‌కి తప్పుగా పంపితే వాళ్ళ దయ. ఇంకోటి, వాలెట్లో యూఎస్‌డీటీ ఒక్కటే ఉంటే బయటికి పంపడానికి చాలా యాపుల్లో కుదరదు, ఫీజు ఆ నెట్‌వర్క్ సొంత కాయిన్లోనే కట్టాలి కాబట్టి ట్రాన్ మీదైతే కాస్త టీఆర్ఎక్స్, ఇథీరియం మీదైతే కాస్త ఈథర్ ఫీజుకి ఉండాలి. ఇది తెలీక డబ్బు ఇరుక్కుపోయిందని కంగారుపడి ఎవడో టెలిగ్రామ్ హెల్ప్ వాణ్ణి అడిగి మొత్తం పోగొట్టుకుంటారు.

ఆ హెల్ప్ వాళ్ళ గురించి. వాలెట్ కంపెనీ మనిషి ఎవడూ మనకి ముందుగా మెసేజ్ పెట్టడు, ఫోన్ చెయ్యడు. మీ వాలెట్ వెరిఫై చెయ్యాలి, సింక్ చెయ్యాలి, కేవైసీ అవ్వలేదు, ఈ ఫారంలో 12 మాటలు పెట్టండి అని ఎవరన్నా సరే, తెలుగులో అన్నా ఒడియాలో అన్నా, వాడు దొంగే, ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. మాటలు అడక్కుండా కూడా తీసుకునే దారి ఉంది, ఉచితంగా కాయిన్లిస్తాం కనెక్ట్ చెయ్యండి అని వెబ్‌సైట్ లింకొస్తుంది, కనెక్ట్ చేశాక అప్రూవ్ అని ఒకటొస్తుంది, అది నొక్కితే మీ వాలెట్లో ఉన్న ఫలానా టోకెన్ ఎంతైనా తీసుకోమని వాళ్ళకి పర్మిషన్ ఇచ్చినట్టు. ఆ పర్మిషన్ మనం రద్దు చేసేదాకా ఉంటుంది, రివోక్ డాట్ క్యాష్ లాంటి చోట చూసుకుని తీసేయొచ్చు. అడక్కుండా వాలెట్లోకి వచ్చి పడిన పేరు తెలీని టోకెన్లని ముట్టుకోవద్దు, అమ్మబోవద్దు, అలా వదిలేయండి.

మొత్తం ఎక్కువైతే హార్డ్‌వేర్ వాలెట్ కొనుక్కోవాలి. ట్రెజర్ అనేది 2014లో మొదట అమ్మకానికొచ్చింది, లెడ్జర్ ఇంకోటి, పెన్‌డ్రైవ్ అంత ఉంటాయి, తాళంచెవి అందులోనే ఉండి నెట్‌కి తగలదు. కంపెనీ సైట్‌లోనే కొనాలి, సెకండ్‌హ్యాండ్ వద్దు. డబ్బాలో 12 మాటలు ముందే రాసిన కార్డు ఉందంటే అది దొంగలు పంపిందే, మాటలు ఎప్పుడైనా మన ఎదుట ఆ పరికరమే కొత్తగా ఇవ్వాలి. 2020లో లెడ్జర్ కస్టమర్ల పేర్లూ ఇంటి అడ్రస్‌లూ బయటికి పొక్కిపోయాయి, తర్వాత కొందరికి ఇంటికి నకిలీ పరికరాలూ ఉత్తరాలూ వచ్చాయి, కాబట్టి పోస్టులో వచ్చిందని నమ్మక్కర్లేదు. దాన్ని వాడేటప్పుడు ఫోను స్క్రీన్ మీదున్నది కాకుండా ఆ పరికరం చిన్న స్క్రీన్ మీదున్నది చదివి ఒప్పుకోవాలి. బైబిట్‌లో జరిగింది కూడా అదే, కంప్యూటర్ మీద కనపడింది ఒకటి, సంతకం పెట్టింది ఇంకోదాని మీద.

వాలెట్ నేర్పుతామని మొదలెట్టి మనుషుల్ని చేర్చమనేవాళ్ళు వేరే రకం. 2023 ఆగస్టులో ఒడిశా ఆర్థిక నేరాల విభాగం, అదే ఈఓడబ్ల్యూ, పోలీసులు ఎస్‌టీఏ టోకెన్ అనే స్కీములో అరెస్టులు చేశారు, భద్రక్, బాలాసోర్, మయూర్‌భంజ్ వైపు వేలమంది చేరిన స్కీము అది, పక్కోణ్ణి చేర్చితే నీకింత అనే గొలుసు. జనం దగ్గర డిపాజిట్లు తీసుకుని ముంచిన అగ్రిగోల్డ్ చూసినోళ్ళం, మా ఒడిశాలో సీషోర్, అర్థతత్వ చూసినోళ్ళం, పేరు మారింది అంతే. అలాగే తెలీనోళ్ళకి యూఎస్‌డీటీ అమ్మి యూపీఐలో డబ్బు తీసుకోవడం కూడా ప్రమాదం, ఆ డబ్బు ఎక్కడో మోసపోయిన మనిషిదైతే ఆ రాష్ట్రం పోలీసులు మన ఖాతా ఆపించేస్తారు, పర్లాకిమిడిలో ఉన్నోడు దాన్ని విడిపించుకోడానికి ఎక్కడెక్కడికో తిరగాలి.

మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా పెట్టాలి. ట్రాన్సాక్షన్ హ్యాష్, అంటే ఆ లావాదేవీ నంబరు, అటువైపు అడ్రస్, టైమూ రాసి పెట్టుకోండి, కాయిన్లు ఏదైనా ఎక్స్ఛేంజ్‌కి చేరాయంటే అక్కడ ఆపించే వీలు కొంత ఉంటుంది. మా వైపు చిక్కు ఏంటంటే ఇల్లు ఒడిశా, సిమ్ము ఆంధ్రా, బ్యాంకు పాతపట్నం, అటెళ్తే ఇటెళ్ళమంటారు ఇటెళ్తే అటెళ్ళమంటారు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, జీరో ఎఫ్ఐఆర్ అంటారు, ఈ మాట మీ పేపర్లో పెద్దక్షరాల్లో వేస్తే సరిహద్దు ఊళ్ళకి చాలా మేలు. పోయిన కాయిన్లు తెచ్చిపెడతాం, ముందు ఫీజు కట్టండి అని వచ్చేవాళ్ళకి మాత్రం రూపాయి ఇవ్వొద్దు, ఒకసారి పోయినోళ్ళ లిస్టు పట్టుకుని తిరిగే దొంగలు వాళ్ళు.

పన్ను గురించి రెండు ముక్కలు. సొంత వాలెట్లో ఉంటే పన్ను లేదనుకోవద్దు. ఎక్స్ఛేంజ్ నుంచి మన సొంత వాలెట్‌కి మార్చుకోవడం అమ్మకం కాదు, అమ్మినప్పుడు లాభం మీద 30 శాతం, పైన సెస్సు, 2022 జులై 1 నుంచి అమ్మకం మొత్తం మీద 1 శాతం టీడీఎస్, ఒకదాంట్లో నష్టమొస్తే ఇంకోదాంట్లో లాభానికి తగ్గించుకోనివ్వరు. ఏ రోజు ఎంతకి కొన్నారో ఎక్కడికి మార్చారో ఓ పుస్తకంలో రాసుకోండి, ఆ పుస్తకంలో 12 మాటలు మాత్రం రాయొద్దు.

చివరిగా పెద్దోళ్ళకి. మీ పేపరు చదివేది ఎక్కువగా తల్లిదండ్రులే కదా, అందుకే ఇంతసేపూ మీకు రాస్తున్నది. మీ అబ్బాయి సూరత్‌లోనో దుబాయ్‌లోనో ఉండి ఇలాంటిది పెట్టుకున్నాడేమో అడగండి, తిట్టడానికి కాదు, తెలుసుకోడానికి. దీనికి నామినీ లేదు. మనిషికి ఏదైనా అయితే డెత్ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్ళడానికి ఏ ఆఫీసూ లేదు, ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికైనా తెలీకపోతే అది ఎవ్వరికీ దక్కదు. పెళ్ళయినోళ్ళు భార్యకి చెప్పాలి, కానోళ్ళు అమ్మకో అక్కకో చెప్పాలి, ఇలాంటిదొకటుంది, ఫలానా యాపు, కాగితం ఫలానా చోట సీలు వేసిన కవర్లో ఉంది, నాకేమైనా అయితే ఫలానా నమ్మకమైన మనిషి సాయంతోనే తెరవండి అని. మాటలు చదివి వినిపించక్కర్లేదు, చోటు తెలిస్తే చాలు. వలస పోయిన పిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ మాట జరగాలని నా కోరిక, చెప్పకుండా పోయిన కొడుకు ఫోను చేతిలో పట్టుకుని ఏం చెయ్యాలో తెలీక కూర్చునే తల్లి ఏ ఇంట్లోనూ ఉండకూడదండి.

మీకు నా మనవి ఇది. శ్రీకాకుళం ఎడిషన్లో వారానికి ఒక అరకాలమ్ దీనికి ఇవ్వండి, రేట్లు వెయ్యకుండా దాచుకోవడం మీదే రాయించండి, తెలుగులో, ఫోన్ స్క్రీన్ బొమ్మలు పెట్టి ఎక్కడ నొక్కాలో ఎక్కడ నొక్కకూడదో చూపించండి, 1930 నంబరు ప్రతిసారీ కింద వెయ్యండి. మా ఊరి లైబ్రరీలో, కాశీనగర్‌లో, గుణుపురంలో అది కత్తిరించి గోడకి అంటించే పని నేనూ నా స్నేహితులూ చూసుకుంటాం. ఈ ఉత్తరంలో పన్ను గురించి రాసిన పేరా అచ్చుకెళ్ళే ముందు ఒకసారి ఎవరైనా సీఏ గారికి చూపించండి, రూల్స్ బడ్జెట్‌కి బడ్జెట్‌కి మారుతున్నాయి. నా పేరు వెయ్యొద్దు, మా వీధాయన ఎవరో ఊళ్ళో తెలిసిపోతుంది.

ఇట్లు
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా